కడుపు మాడ్చాలా, గంజి తాగాలా? విరేచనాల పథ్యం వెనక చరిత్ర

ఈ వారం ఎపిసోడ్ వినే తీరిక లేనివాళ్ల కోసం, డ్యూటీ బస్సులో నెట్ ఆగిపోయి సగంలో వదిలేసినవాళ్ల కోసం ఇది రాతలో పెడుతున్నాను. మైకు ముందు మాట్లాడిందే, చదవడానికి వీలుగా కాస్త సర్దాను.

నేను పనిచేసేది లుసైల్‌లో. ఇక్కడ ఎండ ముదిరే కొద్దీ మన వాట్సాప్ నంబర్‌కి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "అన్నా, మోషన్స్ అవుతున్నయ్, ఏం తినాలె, ఏం తినొద్దు?" జగిత్యాల తమ్ముడైనా, నర్సాపురం అక్క అయినా అడిగేది ఇదే. నేను డాక్టర్ని కాదు. కానీ ఈ ప్రశ్నకి మనిషి వెతుక్కున్న జవాబులకి పెద్ద చరిత్ర ఉంది. అందులో మన తెలుగువాళ్లున్నారు, మనలాంటి వలస మనుషులున్నారు. ఆ చరిత్ర తెలిస్తే ఏం తినాలో ఒకరు చెప్పక్కర్లేదు, మనకే అర్థమవుతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

లంఖణం పరమౌషధం: ఇంతకీ ఎవరికి?

కడుపు పాడైందంటే మన ఇళ్లల్లో మొదట వచ్చే మాట ఇదే. ఏమీ తినకు, కడుపు ఎండగట్టు, అదే సర్దుకుంటుంది. కొందరైతే నీళ్లు కూడా తాగనివ్వరు, తాగితే మళ్లీ పోతుంది కదా అని.

పాత ఆయుర్వేదం చూస్తే సంగతి అంత సింపుల్‌గా లేదు. లంఘనం గురించి గట్టిగా చెప్పింది జ్వరం మొదట్లో. అతిసారంలో కూడా ముందు కాస్త ఉపవాసం చెప్పిన మాట నిజమే, కానీ ఆకలి పుట్టగానే గంజితో మొదలుపెట్టమంది. పల్చటి గంజి తేట, తర్వాత మెతుకు కనిపించే జావ, తర్వాత మెత్తటి అన్నం, ఇలా మెట్టు మెట్టుగా. చరక సంహిత సూత్రస్థానం రెండో అధ్యాయంలో 28 రకాల యవాగువులు ఉన్నాయి. యవాగువు అంటే జావే. వాటిలో వెలగ, మారేడు, పులిచింత, దానిమ్మ, మజ్జిగ కలిపి కాచేది ఒకటి ఉంది, అది కడుపుని పట్టి ఉంచుతుందన్నారు. అంటే మన పెద్దల వైద్యంలో "మాడ్చు" ఒక్కటే లేదు, "గంజి పోయి" కూడా ఉంది. సామెతలో మొదటి సగమే మనకి గుర్తుండిపోయింది.

ఒక్క మన దగ్గరే ఇలా అనుకోకండి. యూరప్, అమెరికా ఆసుపత్రుల్లో కూడా 20వ శతాబ్దంలో చాలాకాలం పేగులకి విశ్రాంతి ఇవ్వాలని రోగుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, పస్తు పెట్టారు. తర్వాత అరటిపండు, అన్నం, ఆపిల్ గుజ్జు, కాల్చిన రొట్టె, ఈ నాలుగే పెట్టమని ఒక పథ్యం నడిచింది. ఇప్పుడు అదీ చాలదంటున్నారు. నాలుగు రకాలతోనే రోజులు గడిపితే ఒంటికి ప్రొటీన్, కొవ్వు అందవు, కోలుకోవడం ఆలస్యమవుతుంది.

ప్రాణం తీసేది ఏది?

అసలు విరేచనాలతో మనిషి ఎందుకు పోతాడు? ఈ ప్రశ్నకి జవాబు దొరికింది 1831-32లో, బ్రిటన్‌ని కలరా కుదిపేసినప్పుడు. అప్పటి వైద్యం వింటే ఒళ్లు జలదరిస్తుంది. రక్తం తీసేవాళ్లు, పాదరసం మందు ఇచ్చేవాళ్లు, ఇంకా విరేచనాలు అయ్యేలా చేసేవాళ్లు. అసలే నీళ్లు పోయి ఎండిపోతున్న మనిషిని ఇంకా పిండేవాళ్లన్నమాట.

విలియం ఓషానెస్సీ అనే కుర్ర డాక్టర్ కలరా రోగుల రక్తం పరీక్షించి, ఇందులో నీళ్లూ లేవు, ఉప్పులూ లేవు, పోయింది అవే అని తేల్చాడు. అది చదివి 1832లో స్కాట్లాండ్‌లోని లీత్ ఊళ్లో థామస్ లాటా అనే డాక్టర్ ఉప్పునీళ్లు నేరుగా నరంలోకి ఎక్కించాడు. చావు అంచున ఉన్నవాళ్లు కొందరు లేచి కూర్చున్నారు. ఈరోజు మనం సెలైన్ అంటున్నదానికి మొదలు అక్కడ. ఈ ఓషానెస్సీయే తర్వాత కలకత్తా వచ్చి ఇండియాలో టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. అది వేరే ఎపిసోడ్.

జవాబు 1832లోనే దొరికినా లోకం దాన్ని సరిగ్గా అందుకోవడానికి ఇంకో వందేళ్ల పైన పట్టింది. నరంలోకి ఎక్కించాలంటే శుభ్రమైన సెలైన్, సూది, తెలిసిన చెయ్యి కావాలి. పల్లెటూళ్లో, శరణార్థి గుడారంలో, కూలీల గుడిసెల్లో అవెక్కడివి?

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఇక్కడ మనవాడు ఒకాయన వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తర్వాత ఆయనకీ అదే పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు.

స్ప్రూ మనం మాట్లాడుకుంటున్న రెండు మూడు రోజుల విరేచనాలు కాదు. నెలల తరబడి సాగుతుంది. తిన్నది పేగు లోపలికి తీసుకోదు, ఒళ్లు చిక్కిపోతుంది, రక్తం తగ్గిపోతుంది. అన్నం తింటున్నా మనిషి ఆకలితో చచ్చినట్టే పోతాడు. ఇంట్లో రెండు చావులు చూసినవాడికి ఇది పాఠం చెప్పుకుని వదిలేసే జబ్బు కాదు కదా.

1923లో సుబ్బారావు అమెరికా వెళ్లాడు, ఉష్ణదేశాల రోగాలు చదవడానికి. చేతిలో డబ్బులు లేవు. మామగారు సాయం చేశారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం మాటిచ్చింది. ఆ చారిటీస్ పెట్టిన సత్యలింగం నాయకర్ ఎవరనుకున్నారు? మన గోదావరి తీరం నుంచి రంగూన్ వెళ్లి సంపాదించినాయన. అంటే బర్మా వలసలో వచ్చిన డబ్బు ఇంకో వలసకి దారి ఖర్చు అయింది. బోస్టన్‌లో దిగాక సుబ్బారావు ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ కూలీగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. పగలు చదువు, రాత్రి ఆ పని. క్లీనింగ్ డ్యూటీ చేస్తున్న తమ్ముళ్లు, అక్కలు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరాడు. 1945 నాటికి ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని లేబొరేటరీలో తయారుచేసింది. దాన్ని అప్పట్లోనే క్యూబాలో స్ప్రూ రోగుల మీద వాడి చూశారు. రక్తం పట్టింది, కడుపు కుదుటపడింది, మనుషులు కోలుకున్నారు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి ఆయన బృందం తయారుచేసిన మందే పనిచేసింది. 1948లో అదే కంపెనీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్. ఇవాళ కలరాకి వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశాడు, 53 ఏళ్లకే.

సుబ్బారావు కథలో నేను పట్టుకున్న ముక్క ఒకటుంది. కడుపు జబ్బులో చూడాల్సింది ఎంత తిన్నాం అన్నది కాదు, పేగు ఎంత లోపలికి తీసుకుంటుంది అన్నది. ఓఆర్‌ఎస్ రహస్యం కూడా అక్కడే ఉంది.

ఉప్పుకి తోడు చక్కెర

1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్‌లో ఒక సంగతి వివరించాడు. పేగు గోడలో ఒక తలుపు ఉంది. ఆ తలుపు గుండా ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి. వాటి వెంట నీళ్లు వెళ్తాయి. విరేచనాలు ఎంత పోతున్నా ఈ తలుపు మాత్రం మూతపడదు. అందుకే ఉత్త నీళ్లు తాగితే చాలదు. ఉప్పు, తీపి సరైన పాళ్లలో కలిపితే నీళ్లు నిలుస్తాయి.

అంతకు ముందే 1953లో కలకత్తాలో డాక్టర్ హేమేంద్రనాథ్ ఛటర్జీ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి కలరా రోగుల్ని బాగుచేసి, లాన్సెట్ పత్రికలో రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు లెక్క ప్రకారం రుజువు చేశారు: పోయినంత నోటితో తాగిస్తే సెలైన్ అవసరం చాలావరకు తగ్గిపోతుందని.

అసలు పరీక్ష 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్ వచ్చారు. బొన్‌గావ్‌లో కలరా అంటుకుంది. ఆసుపత్రిలో మంచాలు చాలక నేల మీదే పడుకోబెట్టారు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర ఉన్న సెలైన్ అయిపోతోంది. అప్పుడాయన లీటరు నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, కుళాయి పెట్టించాడు. తాగించింది నర్సులు కాదు. అమ్మలు, అన్నలు, పక్కనున్నవాళ్లు. నూటికి 30 మంది దాకా పోతున్న చోట ఆ సంఖ్య 4 కంటే తక్కువకి దిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వచ్చిన ధీమన్ బారువా ఇది కళ్లారా చూసి, తర్వాత దేశదేశాలకి తీసుకెళ్లాడు. మహలనబిస్ గారు 2022 అక్టోబరులో పోయారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

అంటే ఈ వైద్యం నెగ్గింది పెద్ద ఆసుపత్రి ఏసీ గదిలో కాదన్నా. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ల గుడారాల్లో, చేతిలో వేరే ఏదీ లేనప్పుడు నెగ్గింది.

చిటికెడు, పిడికెడు, మళ్లీ గంజి

1980 నుంచి 1990 వరకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు, ఎక్కువమంది ఆడవాళ్లే, కోటికి పైగా ఇళ్లకి నడిచి వెళ్లి నేర్పించారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. వాళ్ల జీతం లెక్క బాగుంటుంది: ఎన్ని ఇళ్లు తిరిగారు అన్నదాని మీద కాదు, ఆ తల్లికి తర్వాత ఎంత గుర్తుంది అన్నదాని మీద ఇచ్చేవాళ్లు.

అదే రోజుల్లో ఢాకాలో గ్లూకోజ్ బదులు బియ్యప్పిండి ఉడికించి ఉప్పులు కలిపి చూశారు. కలరా రోగుల్లో విరేచనాల పరిమాణం ఇంకా తగ్గింది. బియ్యంలో పిండి నెమ్మదిగా విడిపోయి గ్లూకోజ్ అవుతుంది, ఆ తలుపు తెరిచే ఉంటుంది. మన నాయనమ్మ ఉప్పేసి ఇచ్చిన గంజికి సైన్స్ ఇలా సంతకం పెట్టింది. పస్తు వద్దు, వాంతులు తగ్గి నీళ్లు నిలవగానే తిండి మొదలుపెట్టండి అని డాక్టర్లు చెప్పడం కూడా ఆ దశాబ్దాల్లోనే గట్టిపడింది.

2002లో ఓఆర్‌ఎస్ ఫార్ములా మార్చారు, ఉప్పు, తీపి రెండూ తగ్గించారు. ఇప్పుడు లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, దాంతో పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు.

ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, హైదరాబాద్‌లో డాక్టర్ శివరంజని సంతోష్ అనే పిల్లల వైద్యురాలు వీటి కోసమే ఏళ్ల తరబడి పోరాడారు. బజార్లో ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి డ్రింకులు అమ్ముతుంటే, అందులో చక్కెర ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందని, విరేచనాల్లో అవి తాగితే మరింత నష్టమని చెప్పారు. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో మన దేశపు ఆహార భద్రత సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని ఏ డ్రింకు పేరులోనూ ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని ఆదేశమిచ్చింది. చక్కెర ఎక్కువైతే పేగు నీళ్లని లోపలికి లాగదు, ఒంట్లో నీళ్లనే బయటికి లాగుతుంది. కూల్‌డ్రింక్, ప్యాకెట్ జ్యూస్ వద్దనేది ఇందుకే.

ఇక మన గదిలోకి వద్దాం

ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని నిషేధం. కానీ పొద్దున 5కి ఎక్కినవాడికి 10 లోపే బనీను పిండితే నీళ్లు కారతాయి. ఆ చెమటకి మోషన్స్ తోడైతే? రెండు వైపులా ఉప్పు, నీళ్లు పోతుంటాయి. పైగా "లంఖణం" అని ఖాళీ కడుపుతో డ్యూటీకి పోతే కళ్లు తిరుగుతాయి, కాళ్లు పట్టేస్తాయి, కిడ్నీల మీద పడుతుంది. ఎత్తు మీద పనిచేసేవాడు కళ్లు తిరిగి పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తాగాల్సింది: మొదటి మోషన్ నుంచే ఓఆర్‌ఎస్, అయిన ప్రతిసారీ ఒక గ్లాసు, గుక్క గుక్కగా. సాచెట్ వెనక చదవండి. కొన్ని 200 మి.లీ.కి, కొన్ని లీటరుకి ఉంటాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. సాచెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకి 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ గీసి సమానం చేసినవే. ఉప్పు అంతకంటే ఎక్కువ వెయ్యొద్దు. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్ని ఒక మాట అడగండి.

తినాల్సింది: ఉప్పేసిన గంజి, మెత్తగా ఉడికిన అన్నం, పల్చటి పప్పు లేదా పెసరపప్పు కిచిడీ, ఇడ్లీ, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు. మజ్జిగ అన్నం మంచిదే. బకాలాలో దొరికే ఉత్త లబన్ మన చిక్కటి మజ్జిగ లాంటిదే, కాస్త నీళ్లు కలిపి తాగొచ్చు. పొద్దుటి ఖుబూస్ పప్పులో నానబెట్టి తిన్నా పర్లేదు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. ఆకలి పుట్టాక ఉడికించిన గుడ్డు, చికెన్ పులుసు.

వద్దనుకోవాల్సింది: కరక్ చాయ్, గట్టి కాఫీ, ఎనర్జీ డ్రింకులు, పాలు, సమోసాలు, బిర్యానీ, ఊరగాయ, పచ్చిమిర్చి కారాలు, మందు. రాత్రి వండి గదిలో బయటే వదిలేసిన అన్నం కూడా. వేడి గదిలో అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంకో మాట. మోషన్స్ ఆపే బిళ్ల రూమ్మేట్ దగ్గరుంది కదా అని వేసుకోకండి. జ్వరం, రక్తం ఉంటే అది ప్రమాదం. యాంటీబయాటిక్ కూడా అంతే, డాక్టర్ రాస్తేనే. మలంలో రక్తం, గట్టి జ్వరం, ఆగని వాంతులు, ఏడెనిమిది గంటలు మూత్రం రాకపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, రెండు రోజులైనా తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్లినిక్‌కి వెళ్లండి. మనిషి స్పృహ తప్పుతుంటే 999కి ఫోన్ చెయ్యండి.

జీతం కోస్తారనే భయంతోనే చాలామంది చెప్పరు, నాకు తెలుసు. ఖతర్ కార్మిక చట్టం, 2004 నాటి 14వ నంబరు చట్టం ప్రకారం, మూడు నెలల సర్వీసు దాటినవాళ్లకి డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఏడాదిలో మొదటి 2 వారాల సిక్ లీవ్‌కి పూర్తి జీతం, తర్వాత 4 వారాలకి సగం జీతం ఇవ్వాలి. ఇళ్లల్లో పనిచేసే అక్కలకి వేరే చట్టం ఉంది, దాని మీద విడిగా మాట్లాడుకుందాం. సర్టిఫికెట్ కాగితం ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.

గదిలో ఒకరికి వచ్చిందంటే మిగతావాళ్లూ చేతులు సబ్బుతో కడగండి, వాళ్ల గ్లాసు వేరే పెట్టండి. డ్యూటీకి పోయేముందు ఆ తమ్ముడి మంచం పక్కన ఒక లీటరు ఓఆర్‌ఎస్ సీసా పెట్టి వెళ్లండి. బొన్‌గావ్‌లో జనాన్ని బతికించింది ఇలాంటి చేతులే. గంజి కాచడం రాకపోతే కింద కామెంట్‌లో అడగండి, పక్క రూమ్ మలయాళీ అన్నలు కూడా బాగా చెప్తారు, వాళ్లకి కంజి అంటే ప్రాణం.

వచ్చే వారం రంగూన్ వెళ్లిన మన కోరంగివాళ్ల ఓడల గురించి మాట్లాడుకుందాం. మీ తాతల్లో ఎవరైనా బర్మా వెళ్లి ఉంటే ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటాను, జాగ్రత్త.